వాగు ఒడ్డు కంకులు

ఆ ఏడు క్రిస్మస్ దాటితేగాని వాన నేలకి దిగలేదు. అంతకుముందు ఏటి పంట అంతంత మాత్రమే. జనవరి సగానికి వచ్చేసరికి కపీని ఊళ్ళో గాదెలన్నీ గుల్లయి, వెదురు తడికల సందుల్లోంచి అవతలి వెలుతురు కనబడుతోంది. మెట్ట చేలల్లో మొక్కజొన్న ఇంకా మోకాలెత్తుకి రాలేదు. పచ్చి మామిడికాయలు ఉడకేసుకు తినీ తినీ పిల్లల మూతులు పొక్కిపోయాయి. ఆకలి నెలలు ప్రతి ఏడూ వచ్చేవే. ఆ ఏడు మాత్రం అవి ముందుగా వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి.

మా వైపు మగవాళ్ళందరూ పెళ్ళయ్యాక పెళ్ళాం ఊరికి వెళ్ళి బతికేవాళ్ళే. అందరూ ఇల్లరికపు అల్లుళ్ళే అయినప్పుడు ఆ మాట పట్టుకుని ఎవరూ ఎవర్నీ వెక్కిరించరు. అయినా ఏది ఎవరిదో ఎవరూ మరిచిపోరు. చేను నా పెళ్ళాం జెలిఫాది. గాదె జెలిఫాది. పార నాది. మా చంటిదీ, మా అత్తగారు ఫైనెసీ, మేమిద్దరం. ఇదీ మా ఇల్లు. ఆ ఇంటికి పెద్దదిక్కు మాత్రం అత్తగారి తమ్ముడు బిలియాటి మామ. పెళ్ళికైనా చావుకైనా తగువుకైనా ఆయన మాటే మాట.

వాగు ఒడ్డున ఒక చేను ఉండేది. అది అత్తగారి తల్లి చేను. వాన రాకపోయినా అక్కడి మట్టిలో చెమ్మ ఉంటుంది గనక ఊరందరికంటే ముందు అక్కడే కంకి పాలుపోసుకుంటుంది. నాకు పెళ్ళి కాకముందు నుంచీ దాన్ని బిలియాటి మామే చేసుకుంటున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంటి పెద్దని అడుగుతారా?

ఒక ఆదివారం మా అన్న లమేకి వచ్చాడు.

లమేకి మా అన్నే కాదు, నా పెళ్ళిపెద్ద కూడా. కోడిపుంజుని చంకలో పెట్టుకుని వచ్చి, ఈ ఊరి పెద్దల ముందు నా తరఫున మాట్లాడి, నన్ను ఈ ఇంటికి అప్పగించినవాడు. మాలో మాకు తగువొస్తే నా పక్షాన వచ్చి కూర్చోవలసినవాడు. పెళ్ళినాడు ఆయన మాట్లాడిన తీరుకి ఎప్పుడూ నవ్వని బిలియాటి మామ కూడా పడీపడీ నవ్వాడు. అలాంటి మనిషి బువా నది దాటి, ఎండలో నడిచి, ఒట్టి చేతుల్తో వచ్చాడు. చొక్కా భుజాలమీంచి జారిపోతోంది.

"ఏం మరదలా, మావాడు పార పడుతున్నాడా, లేకపోతే పారని నీడలో పడుకోబెట్టి వాడు కాపలా కాస్తున్నాడా?"

"రెండూను బావా. పొద్దున పార, మధ్యాహ్నం కాపలా."

"పెళ్ళినాడే చెప్పాను కదమ్మా, సరుకు చూసి తీసుకోండి, వాపసు లేదని."

జెలిఫా నవ్వింది. నవ్వుతూనే ఆయన మెడ ఎముకల వైపు చూసింది.

"వదినా పిల్లలూ ఎలా ఉన్నారన్నా?" అన్నాను.

"బ్రహ్మాండం. చిన్నదానికి పళ్ళొచ్చాయి." కాసేపు ఆగి, "కొరకడానికే ఇంకా ఏమీ రాలేదు" అని తనే నవ్వాడు. మేమూ నవ్వాం. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి నవ్వుతాడు.

ఆ రోజు జెలిఫా మాకు తవుడు కలిపిన సంకటి వండి, ఆయనకి మాత్రం తెల్లపిండితో విడిగా వండింది. గుమ్మడాకు కూర పెట్టింది. నేను చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తెద్దామని లేచి వెళ్ళి, తిరిగొస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపల లమేకి సంకటి ముద్దల్ని ఒక్కొక్కటే చేత్తో నొక్కి, భుజాన వేసుకొచ్చిన గుడ్డలో పెట్టి ముడి వేస్తున్నాడు. పళ్ళెం అంచున కూర కాస్త మిగిల్చుకుని, తిన్నట్టు కనబడాలని వేళ్ళు నాకుతున్నాడు. నా వెనక జెలిఫా. ఆమె కూడా చూసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తరువాత గట్టిగా దగ్గుతూ లోపలికి వెళ్ళాం.

గాదె అడుగున ఎంతుందో మాకు తెలుసు. ఒక చేట పిండి ఇద్దామా అని నేను అడగాలి. గాదె జెలిఫాది గనక నేను అడగలేదు. అన్న నావాడు గనక నేను అడిగేదాకా తను అనలేదు. లమేకి అయితే అసలు అడగడానికే వచ్చినవాడు, జోకులు చెప్పి ఊరుకున్నాడు. ఒక్క గుడిసెలో ముగ్గురం కూర్చుని ముగ్గురం ఒకే మాట మింగాం.

ముడి వేసిన ఆ సంకటిని మా ఊరి మీదుగా పోతున్నవాళ్ళెవరో లమేకి ఊరు చిమ్వాలాకి వెళ్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపాడు. తను మాత్రం ఉండిపోయాడు. "మీ మామ చేలో కలుపు బాగా ఉందట కదరా. కూలికి అడుగుతాను" అన్నాడు.

"అక్కడొద్దన్నా."

"ఎందుకొద్దు? గడ్డి అక్కడుంటే గడ్డి అక్కడే పీకాలి."

పెళ్ళిపెద్ద అంటే వియ్యంకుడి లెక్క. వాళ్ళింటికొస్తే పీట వేసి కూర్చోబెడతారు. అలాంటివాడు పార పట్టుకుని బిలియాటి మామ ముంగిట నిలబడి పని అడిగాడు. మామ ఆయన్ని తలనుంచి కాలిదాకా చూసి, రోజుకి ఒక చేట పిండికి ఒప్పుకున్నాడు. కోపంతో కాదు, జాలితోనూ కాదు, సంబరంగా ఒప్పుకున్నాడు.

ఆ వారమంతా మామకి అదొక కాలక్షేపం అయిపోయింది. గట్టు మీద నిలబడి, దారిన పోయేవాళ్ళు వినేట్టు అరిచేవాడు.

"పెళ్ళిపెద్దగారూ! ఆ బోదె మీద గడ్డి బాగా మొండిగా ఉంది. దానికీ ఒక ఉపన్యాసం ఇవ్వండి, సిగ్గుపడి అదే ఊడొస్తుంది."

లమేకి నడుం ఎత్తకుండానే, "ఇచ్చాను మామా. ఇదీ మీ మాటలే వింటానంటోంది" అనేవాడు.

జనం నవ్వేవారు. ఒకసారి నేనూ అక్కడున్నాను. మామ నా వైపు చూశాడు. నేనూ నవ్వాను.

వారం చివర లమేకి పిండి కొలవమంటే మామ చేనంతా తిరిగొచ్చాడు. "సగం గడ్డి వేళ్ళతోసహా అలాగే ఉంది. ఇది కలుపు తియ్యడమా, గడ్డికి క్షవరం చెయ్యడమా? మిగతాది పీకాక మాట్లాడుకుందాం" అన్నాడు. అంతకుముందు రోజుల పిండి లమేకి ఎప్పటికప్పుడు చిమ్వాలాకి పంపేశాడు, ఆఖరి రెండు రోజులది మామ దగ్గరే ఆగిపోయింది. లమేకి ఏదో జోకు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. పార భుజానేసుకుని వచ్చి మా గోడ వారన కూర్చున్నాడు. "చిమ్వాలాకి ఒట్టి చేతుల్తో వెళ్ళడం కుదరదురా" అన్నాడు, నాతో కాదు, ఎదురుగా ఉన్న రోలుతో అన్నట్టు.

రెండు రోజుల తరువాత పొద్దున్నే నేనూ జెలిఫా మెట్ట చేలో ఉండగా ఊళ్ళోంచి ఈలలూ కేకలూ వినిపించాయి. ఆ నెలలో ఆ కేకలంటే ఒకటే అర్థం. పచ్చికంకుల దొంగ దొరికాడని. చంటిదాన్ని వీపున కట్టుకుని జెలిఫా ముందు పరుగెత్తింది. వెనక నేను. దారిలో నా మనసులో ఒకటే మాట. అన్న కాకూడదు, అన్న కాకూడదు.

అన్నే. బిలియాటి మామ కాపలావాళ్ళు ఇద్దరు ఆయన్ని రెక్కలు పట్టుకుని మామిడిచెట్టు కిందికి తెస్తున్నారు. కోసిన కంకుల్ని చెట్టు నారతో గుచ్చి మెళ్ళో దండ వేశారు. పెదవి చిట్లింది. చొక్కాకి ఒక చెయ్యి లేదు. పిల్లలు వెనకాల "దొంగ తాతా, పెళ్ళెప్పుడు?" అని పాడుతున్నారు. దండ వేసిన మనిషి మరి పెళ్ళికొడుకులాగే ఉంటాడు కదా.

ఊరిపెద్ద మేలెసి అవ్వ ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద. వాళ్ళలో మా అత్తగారు. మగవాళ్ళు ఇంకో వైపు. మేమిద్దరం చివర నిలబడ్డాం.

మామ జరిగింది చెప్పాడు. తెల్లవారకముందు అలికిడి విని కాపలావాళ్ళు వెళ్తే చేలో ఈయన దొరికాడు. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. "మన ఇంటికి పిల్లవాణ్ణి తెచ్చిచ్చిన పెళ్ళిపెద్ద ఈయన. ఆయన పట్టుకెళ్ళే కట్నం ఇదన్నమాట" అన్నాడు.

మేలెసి అవ్వ గొంతు సవరించుకుంది. ఆమెకి లమేకి ఎవరో తెలుసు. పెళ్ళినాడు ఆయన పక్కనే కూర్చుని భోంచేసింది. అయినా పద్ధతి ప్రకారం అడగాలి.

"ఈ మనిషి తరఫు వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఆ ప్రశ్నకి ఒకరు ముందుకొచ్చి, నేనున్నానమ్మా అనాలి. అంటే చాలు. తప్పు తప్పే అయినా దండగ కట్టుకుని మనిషిని ఇంటికి తీసుకుపోవచ్చు. ఎవరూ అనకపోతే వాడు ఊరికి ఏమీ కానివాడు. వాణ్ణి ఎవరేం చేసినా అడిగే దిక్కు ఉండదు.

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. బొటనవేలి గోటిలో మట్టి ఉంది. లమేకి నా వైపు చూడలేదు. నన్ను ఇరికించకూడదని కావాలనే ఊళ్ళో అందరి మొహాలూ చూస్తున్నాడు, నాది తప్ప.

"అడుగుతున్నాను. ఈయన తరఫు ఎవరు?"

"నేను పంపాను" అంది జెలిఫా.

నేను తిరిగి చూసేలోపు ఆమె నా పక్కనుంచి వెళ్ళి చెట్టు నీడలో నిలబడింది. వీపు మీద చంటిది నిద్రపోతోంది.

"ఎక్కడికి పంపావు?" అంది అవ్వ.

"వాగు ఒడ్డు చేలోకి. నాలుగు కంకులు కోసుకు రమ్మని."

బిలియాటి మామ నవ్వాడు. "నా చేలోకి పంపడానికి నువ్వెవరివే?"

"మా అమ్మమ్మ చేలోకి మామా. మనవరాలు పంపకపోతే ఇంకెవరు పంపుతారు?"

పాడుతున్న పిల్లల్ని ఎవరో చెవి మెలేసి కూర్చోబెట్టారు.

"నువ్వు ఇదిగో, ఈ పిల్లంత ఉన్నప్పట్నుంచీ ఆ చేను నేను చేస్తున్నా. ఇన్నేళ్ళల్లో ఎవరైనా ఒక్క మాట అన్నారా?"

"అనలేదు. అందుకే ఇప్పుడంటున్నా."

"చూశారా! దొంగని దాయడానికి చేను అడ్డం పెడుతోంది! తెల్లవారకముందు ఎవరన్నా కంకులకి పంపుతారా అవ్వా? మీరే చెప్పండి!"

మామ చెప్పింది నిజమే. అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అలాగే జెలిఫా చెప్పిందీ నిజమేనని కూడా తెలుసు. అవ్వ ఆడవాళ్ళ చాపల వైపు తిరిగింది.

"ఫైనెసీ, ఆ చేను ఎవరిది?"

మా అత్తగారు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చాప అంచున ఊడిన ఒక పుల్లని లోపలికి దోపింది. అది మళ్ళీ ఊడొచ్చింది. మళ్ళీ దోపింది.

"మా అమ్మది."

"అమ్మ తరువాత?"

"అమ్మ తరువాత నాది." తలెత్తి తమ్ముడి వైపు చూసింది. "వాణ్ణి నా వీపున మోసి పెంచాను. అడిగితే కాదనలేకపోయాను. చేసుకోమన్నాను." ఆగింది. "తీసుకోమనలేదు."

బిలియాటి మామ అక్క మొహం చూశాడు. ఆ తరువాత జనం మధ్యనుంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు. అంతెత్తు మనిషి వెనకనుంచి ఎందుకో చాలా చిన్నగా కనబడ్డాడు.

"మరదలి చేలో కంకులు కోసినవాణ్ణి దొంగ అనడం మన ఊళ్ళో లేదు. ఆ దండ తీసెయ్యండి" అంది మేలెసి అవ్వ. లేస్తూ జెలిఫా వైపు ఒక చూపు చూసింది. మెచ్చుకోలు లేదు, కోపమూ లేదు. పెద్ద బరువు ఎత్తుకున్న మనిషిని చూసినట్టు చూసింది.

ఇంటికొచ్చాక జెలిఫా ఆ కంకులే కుండలో వేసి ఉడికించింది. వాసనకి చంటిది లేచి ఏడ్చింది. జెలిఫా కంకుల్ని పళ్ళెంలో పెట్టి లమేకి ముందు ఉంచింది. ఆయన ముట్టుకోలేదు.

"మరదలా, నన్ను నువ్వు పంపలేదు."

"లేదు."

"ఆ చేను మీదని కూడా నాకు తెలీదు. దొంగతనానికే వెళ్ళాను. ఇవి నా గొంతు దిగవు."

జెలిఫా ఆయన ఎదురుగా చతికిలబడింది. "బావా, నువ్వు వచ్చిన రోజు గుడ్డలో సంకటి కట్టడం చూశాను. చూసి దగ్గాను. పంపాల్సింది ఆ రోజే. పంపలేదు. ఇప్పుడు తిను."

లమేకి ఏడ్చాడు. నోట్లో గింజలు పెట్టుకుని, చిట్లిన పెదవికి ఉప్పు తగిలి మంట పుడుతుంటే నములుతూ ఏడ్చాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. బయటికి వెళ్తే ఊరుంది. మా అత్తగారు తినలేదు. ఆ రోజంతా పెరట్లో కూర్చుని తమ్ముడి ఇంటి కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఆయన్ని వాగు దాటించడానికి వెళ్ళాను. జెలిఫా కట్టిచ్చిన కంకుల మూట నేనే మోశాను. అవతలి ఒడ్డున మూట తీసుకుంటూ అన్నాడు:

"సౌలోసీ, ఇంకో పెళ్ళిపెద్దని చూసుకోరా. మన చిన్నాన్న కొడుకున్నాడు, నెమ్మదస్తుడు. వాణ్ణి అడుగు."

"అదేం మాటన్నా."

"కంకుల దండ వేయించుకున్నవాణ్ణి, నీ తరఫున మాట్లాడితే నీ మాట కూడా చెల్లదు. నేను ముందే మీ అత్తగారికి చెప్పి వచ్చాను."

నాకింకెవరూ వద్దన్నా అన్నాను. వాగు హోరులో ఆయనకి వినబడిందో లేదో. నేను కూడా గట్టిగా అనలేదు.

బిలియాటి మామ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. వాగు ఒడ్డు చేలోకి ఆయన మనుషులు రావడం మానేశారు. కాపలా మేం కాశాం. ఊళ్ళో నవ్వులు చాలారోజులు నడిచాయి. పిండిమర దగ్గర వరసలో నిలబడితే, "కపీనిలో చేను కావాలంటే ముందు బావగారిని దొంగతనానికి పంపాలట" అనేవాళ్ళు. జెలిఫా వాళ్ళతో కలిసి నవ్వి, వాళ్ళ నవ్వు అయిపోయినా ఇంకాస్త సేపు నవ్వేది. అప్పుడు వాళ్ళే తలొంచుకునేవారు. నాకా విద్య రాదు. నేను మరకి వెళ్ళడమే మానేశాను.

ఏప్రిల్లో కంకి ఎండింది. కోత అయ్యాక జెలిఫా మంచి కంకులు ఏరి ఒక గంప నింపింది.

"మొదటి గంప ఇంటి పెద్దకి వెళ్ళాలి. మామకిచ్చిరా."

"విసిరికొడితే?"

"ఏరుకురా."

పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళాను. మామ వసారాలో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. కొత్త గాదె అల్లుతున్నాడు. ఎప్పుడూ అల్లేదానికంటే చిన్నది. నన్ను చూసి కూర్చోమనలేదు. ఒక బద్ద మొత్తం చీల్చేదాకా అలా నిలబెట్టాడు. గంప కింద నా మెడ వణికింది.

"అక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది మామా. తిండి తగ్గింది."

"నీ పెళ్ళాం ఆ రోజు అబద్ధమాడింది. అది నాకేమీ అనిపించలేదు. నేనూ చాలా ఆడాను." కత్తి పక్కన పెట్టాడు. "అక్క ఆడలేదు. అది విని అక్కడ నిలబడలేకపోయాను. నీ అన్నకి రెండు చేటల పిండి ఎగ్గొట్టకపోతే ఇదంతా ఉండేది కాదు. గడ్డి బాగానే పీకాడు."

కొత్త బద్ద ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒకటి అడుగుతాను. అవ్వ పిలిచింది నీ పెళ్ళాన్ని కాదు, నిన్ను. రెండోసారి కూడా పిలిచింది. నువ్వు ముందుకొచ్చి నా అన్న అంటావనే నేను చూస్తున్నా. అంటే దండగ కింద ఒక కోడి అడిగి వదిలేసేవాణ్ణి. ఎందుకు రాలేదు?"

వసారా ముందు కోళ్ళు వెదురు పొట్టు గీరుతున్నాయి. పొరుగింటి ఆడవాళ్ళు దంచడం ఆపి వింటున్నారు.

"సిగ్గేసింది మామా."

"వాడు దొంగ అయినందుకా?"

"కాదు. వాడు నావాడైనందుకు."

చెప్పాకే నాకు తెలిసింది ఆ మాట ఎంత నీచంగా ఉందో. మామ లేచి, నా నెత్తిమీంచి గంప తనే దించుకుని కంకులు చాప మీద గుమ్మరించాడు. గంప నా చేతికిచ్చాడు.

"అక్కతో చెప్పు, అందిందని."

ఇంటికొచ్చేసరికి జెలిఫా వాకిట్లో కంకులు ఒలుస్తోంది. పక్కన అత్తగారు. మామ అన్న మాట చెప్పాను. అత్తగారు లేచి లోపలికి వెళ్ళింది. సంకటి కుండ పొయ్యిమీద పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

నేను జెలిఫా పక్కన కూర్చున్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. "ఆ రోజు అవ్వ పిలిస్తే నేను ముందుకి రాలేదని..." అంటూ మొదలుపెట్టాను.

జెలిఫా ఒలవడం ఆపలేదు. "అది నాకెవరూ చెప్పక్కర్లేదు. నీ పక్కనే నిలబడి ఉన్నాను."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండునని వెతికాను. లేదు. ఒలిచిన గింజలు దోసిలితో గంపలోకి ఎత్తింది. నిండేదాకా ఎత్తి, పైన గుడ్డ కట్టి, నా వైపు తోసింది.

"ఇది చిమ్వాలాకి. అందరూ చూసేట్టు మోసుకెళ్ళు."